ఏ ఊరి పండగ

డిసెంబరు 2

సుభద్ర కాళ్ళు మళ్ళీ వాచాయి. పొద్దున్నే కాఫీ పళ్ళు కొయ్యడానికి బుట్ట నడుముకి కట్టుకుని బయలుదేరుతుంటే చూశాను. కూర్చోబెట్టి చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కాను. సొట్ట పడింది, మెల్లిగా పూడింది. "ఏటి నేదత్తా, సలికి" అంటుంది. చలికి కాళ్ళు వాచడం నేనెక్కడా వినలేదు. బుట్ట లాక్కున్నాను. మూతి ముడుచుకుంది. ముడుచుకోనీ.

కార్డు తీసి మళ్ళీ చూశాను. ప్రసవం తేదీ జనవరి 23. నా రాతే. ఇంకా ఏడు వారాల పైనే ఉంది. ఇప్పటినుంచే వాపులైతే...

పద్నాలుగేళ్ళుగా ఆశా పని. పదకొండు ఊళ్ళు. ఎంతమంది గర్భిణులకి ధైర్యం చెప్పానో — ఏం కాదమ్మా, అందరికీ ఉండేదే అని. మన ఇంట్లోకొచ్చేసరికి ఆ మాట నా నోటికే రావడం లేదు. నా కోడలు. మొదటి కాన్పు. భయంగా ఉంది, రాసుకోవడానికి సిగ్గేమిటి.

డిసెంబరు 3

నర్సమ్మ వచ్చే రోజు. సుభద్రని తీసుకెళ్ళి బీపీ చూపించాను. నూట ముప్పై, ఎనభై ఆరు. "మరీ ఎక్కువేం కాదు రూతమ్మా. ఉప్పు తగ్గించు, వారానికోసారి తీసుకురా" అంది. వారానికోసారే అని నొక్కి చెప్పింది. రోజూ తీసుకొస్తానని ఆవిడ భయం.

సాయంత్రం పప్పులో ఉప్పు వెయ్యలేదు. మా ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నా మొహం చూశాడు. మాట్లాడకుండా తిన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో అంతమాత్రం నేర్చుకున్నాడు.

డిసెంబరు 5

మావాడు దానియేలు ఇంటి మీద క్రిస్మస్ నక్షత్రం కట్టాడు. కట్టి కిందికి దిగుతూ మెల్లిగా చెప్తున్నాడు — "అమ్మా, ఈ నెలంతా నాకు కాళీ ఉండదు. జీపుకి రోజూ బుకింగులే. మంచు సూడ్డానికొచ్చీవోళ్ళతో అరకు నిండిపోనాది. బళ్ళు కదల్లేదు."

పెళ్ళానికి నెలలు దగ్గరపడుతుంటే వీడికి మంచు. నాలుగు దులిపాను. సుభద్ర వాడి వైపే మాట్లాడింది. సరే, ఇద్దరూ ఒకటి. నాకెందుకు.

డిసెంబరు 6

ఆదివారం. గుడి నుంచి వచ్చేసరికి వియ్యపురాలు అరుగు మీద కూర్చుని ఉంది. పెదబయలు అవతల, లోపలి ఊరు వాళ్ళది. చీకటితోనే బయలుదేరి ఉంటుంది. సంచిలో సామలు, చిలగడదుంపలు, కాళ్ళు కట్టిన నాటుకోడి. చూడగానే అర్థమైపోయింది.

"తొలి కాన్పు వదినా. గుంటని తీసుకెల్లిపోతాను. మా ఇంటికాడే కదా అవ్వాల."

ఒళ్ళు మండింది. రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి ఆ ఊరికి రెండు గంటల నడక, మధ్యలో గెడ్డ నీళ్ళలో దిగి దాటాలి. కాన్పు ఆసుపత్రిలోనే అన్నాను. "నలుగుర్ని ఇంటికాడే కన్నాను నాను" అంది. నలుగురిలో ఒకరు పోయిన సంగతి ఆవిడా అనలేదు, నేనూ అనలేదు.

చివరికి సుభద్రే — "పదిహేను రోజులుండి వచ్చీత్తానత్తా. క్రిస్మస్‌కి ఇక్కడే ఉంటాను. అమ్మ సేతి కూడు తినాలనుంది."

మళ్ళీ కార్డు తీశాను. జనవరి 23. పదిహేను రోజులుండి వచ్చినా నెల రోజులు మిగులుతాయి. పండగయ్యాక ఆసుపత్రి పక్కనున్న గర్భిణీల వసతి గృహంలో చేర్పిస్తే సరిపోతుంది. ఒప్పుకున్నాను.

వేరే ఇంటి పిల్లయితే పంపనిచ్చేదాన్ని కాను. ఎందుకు ఒప్పుకున్నాను... గయ్యాళి అత్త అనిపించుకోకూడదనా?

డిసెంబరు 8

వెళ్ళారు. దానియేలు రోడ్డు చివరిదాకా దింపి వచ్చాడు. అక్కడి నుంచి తల్లీకూతుళ్ళు నడుస్తూ వెళ్ళారట, మధ్యమధ్య కూర్చుంటూ. గెడ్డలో నీళ్ళు మోకాలి కిందకే ఉన్నాయట. అది అడిగి తెలుసుకున్నాక అన్నం తిన్నాను.

డిసెంబరు 9

ఫోను కలవలేదు. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ రాదు. పక్క గుట్ట ఎక్కితేనే.

డిసెంబరు 10

గుడిలో పిల్లలకి నాటకం నేర్పిస్తున్నాను, ప్రతి ఏడూ నా పనే. మరియమ్మ వేషం పిల్ల పొట్టకి తలగడ కట్టుకుని ఒకటే నవ్వు. సత్రం ఆసామి వేషం వాడు "సోటు నేదు, ఎల్లండి" అని తలుపేస్తాడు. ఎన్నేళ్ళుగానో చూస్తున్నదే. ఈరోజు మాత్రం ఊరుకోలేకపోయాను. నెలలు నిండిన పిల్లని గాడిద మీద అంత దూరం తీసుకెళ్ళమని ఎవరు చెప్పారు, ఆ ఇంట్లో పెద్దవాళ్ళు లేరా — అని పైకే అనేశాను. పిల్లలు బిత్తరపోయారు. పాస్టరుగారు దగ్గారు. దగ్గనీ.

డిసెంబరు 12

పాత నూలు చీర చింపి పొత్తిగుడ్డలు చేశాను. పద్దెనిమిది అయ్యాయి. పుట్టకముందు కొత్తబట్ట కొనకూడదంటారు. గుడికొచ్చేవాళ్ళూ అంటారు, దిసారి చేత ముహూర్తాలు పెట్టించుకునేవాళ్ళూ అంటారు. ఆ ఒక్క విషయంలో కొండ మీద అందరిదీ ఒకే మాట. ఉడకబెట్టి ఆరేస్తే మంచుకి రెండు రోజులైనా ఆరలేదు. పొయ్యి మీద దండెం కట్టి ఆరబెట్టాను. పొగ వాసన. మళ్ళీ ఉతికాను.

మా ఆయన — "ఒక్క బిడ్డకి ఇన్నేటే?" అన్నాడు. ముగ్గురు పిల్లల తండ్రి. ఒక్కసారి గుడ్డ మార్చినవాడైతే కదా.

డిసెంబరు 13

సుభద్ర ఫోన్ చేసింది. గుట్ట ఎక్కిందట. ఎక్కొద్దని అరిచాను. "బాగున్నానత్తా. కొద్దిగా తలనొప్పి, అంతే..." గాలి శబ్దం. తెగిపోయింది.

తలనొప్పి అని ఎందుకంది? మళ్ళీ చేశాను, ఏడుసార్లు. అందుబాటులో లేదు.

డిసెంబరు 16

ఇది రాస్తే గానీ పడుకోలేను.

పైఊళ్ళో కొత్త గర్భిణి ఉందంటే పొద్దున్నే వెళ్ళాను. పందొమ్మిదేళ్ళ పిల్ల. ఆఖరి నెలసరి తేదీ తెలీదంది. ఎవరికీ తెలీదు, నాకది కొత్త కాదు. వాళ్ళకి వేరే గుర్తులుంటాయి. రాగులు కోసిన వారం, వలిసెలు పూసినప్పుడు, ఫలానా సంత మర్నాడు, ఫలానా పండగ ముందు. ఆ మాటల్ని నేను తేదీలుగా మార్చి కార్డు మీద రాస్తాను. ఆ లెక్కలో రూతమ్మని మించినవాళ్ళు లేరని మండలంలో పేరు. ఆ పేరంటే నాకు ఇష్టం కూడాను.

ఈ పిల్ల "కొత్త బియ్యం పండగెల్లిన వారం" అంది. అలవాటుగా అడిగాను — "ఏ ఊరి పండగే? మీ కన్నోరూరిదా, ఇక్కడిదా?" కొండ మీద ఏ పండగైనా అన్ని ఊళ్ళలో ఒకే రోజు జరగదు. ఏ ఊరి దిసారి ఎప్పుడంటే ఆ ఊరికి అప్పుడు. అందుకే అడగాలి. ఎప్పుడూ అడుగుతాను.

అడిగి, ఆ పిల్ల జవాబు చెప్పేలోపు పెన్ను ఆగిపోయింది. సుభద్రని ఇది అడగలేదు.

పరాయి ఆడవాళ్ళని నెలసరి ఎప్పుడని ఏ మొహమాటం లేకుండా అడుగుతాను. సొంత కోడల్ని అడగడానికి నోరు రాలేదు. వంటింట్లో, పొయ్యి ఊదుతూ, వెనక్కి తిరక్కుండానే — ఎప్పుడు? అన్నాను. "ఇటుకల పండగయిన నాలుగో రోజత్తా" అని గొణిగింది. అంతే. ఇద్దరికీ సిగ్గు. ఎండల మొదట్లో వచ్చే ఆ వేటపండగకి మా ఊరి రోజే లెక్కేసి రాసేశాను. ఏప్రిల్ 16.

ఈ ఏడు పూజారి తల్లి చనిపోయి, మైల పోయేదాకా మా ఊళ్ళో ఇటుకల పండగ ఆపారు. ఏప్రిల్ పన్నెండుకి జరిగింది. మిగతా ఊళ్ళలో మార్చిలోనే అయిపోయింది. సుభద్ర ఆ పండగ ఎక్కడ చేసుకుంది?

ఇంటిదాకా ఎలా వచ్చానో తెలీదు. దానియేలు భోజనానికి వస్తే అడిగాను. "మరి నానే కదమ్మా బండి మీద దించినాను ఆళ్ళూర్లో. పండక్కి పంపమని నాతో తగూ పెట్టినావు కూడా. మరిసిపోనావా?"

మరిచిపోయాను.

డిసెంబరు 17

నర్సమ్మకి చెప్పాను. చెప్పకుండా సరిచేద్దామా అని కూడా దారంతా ఆలోచించాను. అదీ రాసుకోవాలి.

ఆవిడ కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది. తరవాత — "ఆరో నెల స్కాన్ కాడే డాక్టరుగారు సెప్పినారు కదా రూతమ్మా. తేదీలు కలవట్లేదు, బిడ్డ మూడు వారాలు పెద్దగా ఉంది, మళ్ళీ అడగండని. నువ్వేటన్నావు?"

ఏమన్నానో నాకు బాగా గుర్తు. మా ఇంటి పిల్లలు పెద్దగానే పుడతారండీ, మా దానియేలు మూడున్నర కిలోలు అన్నాను. గర్వంగా అన్నాను. డాక్టరు నవ్వారు. నేనూ నవ్వాను. అసలు మొదటి నెలల్లో స్కాన్ చేయించి ఉంటే ఈ గోలే లేదు. వానలకి రోడ్డు కొట్టుకుపోయింది, వెళ్ళలేకపోయాం, నా లెక్క ఉంది కదా అనుకున్నాను.

"ముందెల్లి గుంటని అడుగు. ఆ ఊరి పండగే అంటే ఒక్క రోజు కూడా ఉంచకు. తీసుకొచ్చీ."

రేపు వెళ్తాను.

డిసెంబరు 18

వియ్యపురాలి ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. పొద్దు వాలుతోంది.

వచ్చేసరికి సుభద్ర పెరట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మొహం తిప్పి చూసింది. కళ్ళ కింద ఉబ్బి, బుగ్గలు నున్నగా, నా కోడలి మొహంలా లేదు. నన్ను చూసి నవ్వింది పాపం. "ఇంత దూరం ఎందుకు నడిచొచ్చినారత్తా? మీ మోకాలు..."

పక్కన కూర్చుని అడిగాను. ఈసారి మొహం చూస్తూ. ఏ ఊరి పండగ?

"మా ఊరిదే."

ఫోన్ తీసి ఫోటో చూపించింది. పండగ రోజు ఆడపిల్లలందరూ దారికి అడ్డంగా దుంగ పెట్టి, వచ్చేపోయేవాళ్ళని ఆపి డబ్బులడుగుతూ నవ్వుతున్నారు. మధ్యలో సుభద్ర. ఫోటో కింద తేదీ ఉంది — మార్చి 21. నాలుగో రోజంటే ఇరవై అయిదు. వేళ్ళ మీద లెక్క వేశాను. రెండుసార్లు. జనవరి 1.

ఇరవై రెండు రోజులు తప్పు రాశాను. ఇంకా నెల పైన ఉందనుకున్నది పద్నాలుగు రోజులే. అదీ చెప్పిన రోజుదాకా ఆగితే.

"కార్డు మీద జనవరి ఇరవై మూడు అని ఉంటే, ఇదేటని అడగాలి కదే?"

"మీరు రాసినారు కదత్తా. మీకు తెలీదేటి. నాకే లెక్క తెల్దనుకున్నాను. బరువు కిందకి జారిపోనట్టుంది పది రోజులనుంచి. కార్డులో ఇంకా టైముంది కదాని ఊరుకున్నాను."

నా రాతని నమ్మి తన ఒంటిని నమ్మడం మానేసింది. ఇంతకంటే నన్ను తిట్టినా బాగుండేది.

వియ్యపురాలు పంపనంది. నొప్పులు వస్తే ఊరి మంత్రసాని ఉంది, డోలీలో కుదుపులకి దారిలోనే కాన్పయిపోతే ఎవరిది పూచీ అంది. నిజమే, అదీ భయమే. వాపు సంగతి చెప్పాను, తలనొప్పి సంగతి చెప్పాను. వినలేదు. ఆఖరికి నలుగురి ముందూ చెప్పేశాను — తేదీ నేనే తప్పు రాశాను వదినా, నేను సరిగ్గా రాసుంటే దీన్ని అసలు నీతో పంపేదాన్ని కాదు.

పొయ్యిలో కర్ర సర్దుతూ ఆవిడ మెల్లిగా అంది — "మరి అన్ని ఊళ్ళ ఆడోళ్ళకీ నువ్వే కదా వదినా రాసినావు."

కాసేపటికి లేచి, రేపు పొద్దున్నకి మనుషుల్ని మాట్లాడడానికి వెళ్ళింది.

డిసెంబరు 19

తెల్లారగానే బయలుదేరాం. నలుగురు మగవాళ్ళు, నూర్పిళ్ళు ఆపుకుని వచ్చారు. దుప్పటి డోలీ. ఇంతకుముందు ఎన్ని డోలీలతో నడిచానో — ఎప్పుడూ ముందు నడిచేదాన్ని, దారి చెప్తూ, కసురుకుంటూ. ఈరోజు వెనక నడిచాను, సుభద్ర మొహం కనపడేలా. గెడ్డ దాటేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుంది. "నొప్పా?" "నేదత్తా. బయ్యం." నాక్కూడా అన్నాను. అత్త అలా అంటుందనుకోలేదేమో, కళ్ళు తెరిచి చూసింది.

వియ్యపురాలు కూడా వచ్చింది. దారంతా నాతో ఒక్క మాట లేదు.

రోడ్డు చివర దానియేలు జీపుతో ఉన్నాడు. అక్కడ ఎవరో విహారానికొచ్చినవాళ్ళు కారాపుకుని టీ తాగుతున్నారు. డోలీ దించుతుంటే ఒకడు ఫోన్ ఎత్తి ఫోటో తియ్యబోయాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. అర్థమైనట్టే ఉంది, కారెక్కేశాడు.

అరకు రోడ్డెక్కాక నత్తనడక. వరసగా కార్లు, బస్సులు. గంటలో చేరాల్సింది రెండున్నర గంటలు. దానియేలు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. పెళ్ళాం మొహం అద్దంలో చూస్తూ నడిపాడు. మంచు గురించి మాట్లాడలేదు.

పెద్దాసుపత్రి. నూట యాభై, నూరు. వెంటనే చేర్చుకున్నారు.

డిసెంబరు 20

ఆదివారం. క్రిస్మస్ ముందు ఆదివారం గుడికి వెళ్ళకపోవడం నాకు తెలిసి ఇదే మొదలు.

వియ్యపురాలు పసుపుదారం మంచం కోడుకి కట్టబోయి నా వైపు చూసింది. "నీకేటైనా..." అంది. కట్టు అన్నాను. ఆవిడ అటు, నేను ఇటు. ఎవరి ప్రార్థన వాళ్ళది. మధ్యలో సుభద్ర నిద్రపోయింది.

డిసెంబరు 21

నూట నలభై, తొంభై. మాత్రలు పనిచేస్తున్నట్టున్నాయి. బిడ్డ కదులుతోంది, పొద్దుటి నుంచి పన్నెండుసార్లు. లెక్కపెట్టింది సుభద్ర. నేను కాదు.

డిసెంబరు 22

పాస్టరుగారు ఫోన్ — "అక్కా, కేరల్స్‌కి మీ గొంతు లేక బోసిపోనాది. నాటకం పిల్లలు మాట వినట్లేదు." మాట్లాడుతూనే ఉన్నారు. నేనేం విన్నానో.

నా ఊళ్ళలో ఇప్పుడు తొమ్మిదిమంది గర్భిణులు. ఒక్కొక్కళ్ళనీ గుర్తు తెచ్చుకుంటున్నాను. ఎవరిని ఏ ఊరి పండగ అని అడిగాను, ఎవరిని అడగలేదు? అడిగే ఉంటాను. కోడలి దగ్గరే కదా సిగ్గుపడింది. కానీ అడిగే ఉంటాను అన్న మాట మీద నాకే నమ్మకం పోయింది. నర్సమ్మకి ఫోన్ చేసి తొమ్మిది కార్డులూ మళ్ళీ చూడమన్నాను. "చూత్తాను. ముందు నువ్వు తిను" అంది.

తినలేదు. వియ్యపురాలు ఇడ్లీ పొట్లం నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. మాట లేదు, పొట్లం ఉంది. తిన్నాను.

డిసెంబరు 23

పొద్దున్న నూట అరవై, నూట పది. తల పగిలిపోతోందంటోంది. కిటికీ వెలుతురు చూడలేక కొంగు కప్పుకుంది.

డాక్టరమ్మ పిలిచారు. చిన్నావిడ, దానియేలు ఈడే. ముందు కార్డు, పక్కన ఆరో నెల స్కాన్ కాగితం. "కార్డు ప్రకారం నెలలు నిండలేదు. అలాగైతే బిడ్డ ఊపిరితిత్తులకి ఇంజెక్షన్లిచ్చి, విశాఖపట్నం పంపాలి. మీరు చెప్పేదాని ప్రకారం నిండాయి. అలాగైతే ఈరోజే నొప్పులు తెప్పిస్తాను. స్కాన్ మీ వైపే ఉంది, కానీ ఆరో నెల స్కాన్‌లో తేడాలుంటాయి. ఆశా కదా మీరు, ఇన్నేళ్ళ అనుభవం. ఏది ఖాయం?"

ఏది ఖాయం... పద్నాలుగేళ్ళుగా ఈ ప్రశ్నకి టక్కున జవాబు చెప్పాను. ఇప్పుడు కార్డు వైపోసారి, స్కాన్ కాగితం వైపోసారి చూశాను. నేను కొత్త తేదీయే ఖాయమని చెప్పి, అది కూడా తప్పయితే? పచ్చి బిడ్డని బయటికి లాగినట్టవుతుంది. కాదని ఘాట్‌రోడ్డు మీద, ఈ కార్ల మధ్య, ఈ బీపీతో పంపితే?

"నా మాట వద్దమ్మా. అమ్మాయిని అడగండి. నేనొకసారి అడక్కుండానే రాశాను."

లేచి వార్డులోకి వచ్చారు. సుభద్ర కొంగు తియ్యకుండానే చెప్పింది, గొంతు పీలగా, కానీ తడుముకోలేదు — "మా ఊరి పండగయిన నాలుగో రోజు. ముందు నెల కూడా టైముకే వచ్చినాది. నాకు బాగా తెలుసు మేడం. నాకు నిండిపోనాయి."

డాక్టరమ్మ కార్డు నా చేతికిచ్చారు. నా తేదీ నేనే కొట్టేసి, పైన కొత్తది రాసి, పక్కన సంతకం పెట్టాను. మధ్యాహ్నం పన్నెండుకి మందు పెట్టారు.

నిజమైన తేదీ ఇదేనని నమ్ముతున్నాను. నమ్మడం వేరు, తెలియడం వేరు. ఆ తేడా నాకీ వయసులో తెలిసింది.

డిసెంబరు 24

తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. ఏడింటికి గట్టిపడ్డాయి. లోపలికి తీసుకెళ్ళారు. నన్ను రానివ్వలేదు. ఎప్పుడూ రానిచ్చేవాళ్ళు.

పదకొండు. దానియేలు తోవలో ఉన్నాడు. ఇంటికెళ్ళి దుప్పట్లు, పొత్తిగుడ్డలు తెస్తున్నాడు. అరకు రోడ్డు మీద ఇరుక్కుపోయానని ఫోన్ — "బళ్ళు కదల్లేదమ్మా. దిగి నడిచొచ్చీనా?" నడిస్తే మూడు గంటలు. ఏం చెప్పాలో తెలీక, నీ ఇష్టం అన్నాను. వాడితో నీ ఇష్టం అనడం ఇదే మొదటిసారి అనుకుంటా.

పన్నెండున్నర. డాక్టరమ్మ బయటికొచ్చారు. బీపీ దిగడం లేదు. నొప్పి వచ్చినప్పుడల్లా బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోంది. ఇంకొంతసేపు చూస్తారట, లేకపోతే ఆపరేషన్. మత్తు డాక్టరుకి కబురు పెట్టారు. ఆయనా అదే రోడ్డు మీద రావాలి.

సుభద్ర అరుపు వినిపిస్తే భయం. వినిపించకపోతే ఇంకా భయం.

రెండు కావస్తోంది. మత్తు డాక్టరు వచ్చారు, పరుగులాంటి నడకతో. ఎవరు ఎలా దారిచ్చారో, వాళ్ళ పిల్లలు చల్లగా ఉండాలి. పదిహేను నిమిషాలుగా లోపల నుంచి అరుపు లేదు. ట్రాలీ చక్రాల చప్పుడొక్కటే, ఆపరేషన్ గదిలోకి మార్చినట్టున్నారు. వియ్యపురాలు బల్ల మీద నాకు ఆనుకుని కూర్చుంది. చెయ్యి ఊరికే ఉంచలేక ఇది రాస్తున్నాను. అక్షరాలు నావిలా లేవు.

నర్సు తలుపు సగం తెరిచి — "సుభద్ర తాలూకు ఎవరు?" అంది.

ఈ తలుపు దగ్గర ఇన్నేళ్ళూ నన్ను ఆశా అనే పిలిచారు. ఇటు రా ఆశా, కార్డు తే ఆశా. తాలూకువాళ్ళని లేపి, భుజం తట్టి, లోపలికి పంపేదాన్ని నేను. ఆ అమ్మాయి మొహంలో ఏముందో చూద్దామంటే మాస్కు కట్టుకుంది. ఇంకోసారి పిలిచింది. నేనింకా రాస్తూనే ఉన్నాను.

వియ్యపురాలు లేచింది. నా చెయ్యి పట్టుకుంది.

"ఆపీ వదినా రాత. లే, బేగి."